పూజలోంచి లేచిన గిటార్

"అమ్మా, పిల్లలకు రవి మామ గిటార్ ముచ్చట చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, వాళ్లు ఇదే నిజమనుకుంటరు."

చిన్నూ, బుజ్జీ, విన్నరా మీ అమ్మ మాట? పుణెల మిమ్మల్ని పెంచుకుంట, దానికి అన్నిటికీ పరేషానే. సరే. రవి తాత నా తమ్ముడు. మీకు ఫోటోలనే తెలుసు. చిక్కడపల్లిల గిటార్ అంటే ఆయనే. ఎర్రది, కరెంటుది. అప్పట్ల స్కూటర్ కొనే పైసలు పెట్టి బొంబాయి నుంచి తెచ్చిండు. మా నాయన నెల... కాదు, అంతకంటే ఎక్కువే రవితోని మాట్లాడలే. నారాయణగూడ కాలేజీల వాయిస్తే పోరలు బెంచీలెక్కి ఎగిరేటోళ్లు.

ఆయన పోయినంక గిటార్ పెట్టెల్నే ఉండె. ఆయన బిడ్డ స్వాతి, మీకు అత్త అయితది, మంచిగ వాయించేది. నాయన పోయిన కాన్నుంచి ముట్టలే.

అశోక్ నగర్ల హోటల్ పెట్టినాయన వచ్చి, గిటార్‌ను మా హోటల్ గోడకు అద్దాల పెట్టెల పెడత, కింద రవిగారి పేరు రాయిస్త అన్నడు. మా మరదలు, రవి భార్య, సరే అన్నది. చూస్తే ఏడుపొస్తుందట, పాపం. నాకేమో మనసొప్పలే. గోడకెక్కితే ఇంకెవరు వాయిస్తరు? కానీ ఇంటామె మాటకు నేనెట్ల అడ్డం వస్త?

రవి పోయి ఏడాది తిరిగినంక మొదటి దసరా. పండుగకు నేను వాళ్లింట్లనే ఉన్న. నవమి పొద్దున హోటలాయన గిటార్ కోసం ఆటోల వస్తున్ననని ఫోన్ చేసిండు. నేను గబగబ గిటార్ తీసి, ఆయుధ పూజల, రవి దాన్ని బాగుచేసుకునే స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టి బొట్టు పెట్టిన. ఆయన రాంగనే మెల్లగ చెప్పిన, పూజల పెట్టింది రేపటిదాక కదిలియ్యొద్దని. వాళ్లింట్ల గల్లాపెట్టె గట్లనే పెడతరు గదా, ఆయనకు తెల్వదా? చాయ్ తాగి పోయిండు.

తెల్లారి మళ్లొచ్చిండు. అప్పుడు ఇంకో మాట అన్న. పూజల నుంచి లేపిన పనిముట్టుతోని మొదలు జర పని చెయ్యాలె, చెయ్యకుండ ఎట్లిస్తం? మా చిన్నప్పుడు పుస్తకం లేపి ఒక పేజీ చదివేటోళ్లం, అట్ల. స్వాతి నా దిక్కు చూసింది. దానికి అర్థమైంది, తెలివైన పోరి.

గిటార్‌కు స్పీకర్ తగిలిచ్చి వాయించింది. మొదలు జర తప్పులు పోయినయ్. తర్వాత, ఏం చెప్పాలె బిడ్డా, కిటికీ అద్దాలు గజగజ. గల్లీల బండ్లు ఆగినయ్. ఎదురింటి మేడ మీదికెల్లి ఎవరో "రవన్నా" అని కేకేసిండు.

మరదలు పిండి చేతులతోని వంటింట్లకెల్లి వచ్చింది. ఏడ్వలే. పాట అయ్యేదాక నిలబడి విన్నది. హోటలాయన దిక్కు తిరిగి, "గిటార్ ఇయ్యను, అన్నా. నా బిడ్డ వాయిస్తది," అన్నది.

ఆయనేం కోపం చెయ్యలే. శనివారం మా దగ్గర వాయిస్తవామ్మా అని స్వాతిని అడిగిండు. ఇప్పుడు శనివారమొస్తే ఆ హోటల్ల కూసుండ జాగ దొరకది. నేనైతే ముందే పోయి కూసుంట.

మీరు మీ దోస్తులకు చెప్పుండ్రి, రేపు మీకు పిల్లలైతే వాళ్లకూ చెప్పుండ్రి, రవి తాత గిటార్ ఇంకా మోగుతున్నదని. సల్లగుండుండ్రి బిడ్డా.