పెద్దాయన వచ్చిండు

జన్నారం అడవి అంచున టూరిస్టుల డేరా. తెల్లారంగనే లోపల కొత్త మొగుడూ పెళ్లాల గుసగుసలు.

"లే! పెద్దాయన వచ్చిండట. వాచర్ చెప్పిపోయిండు."

"మరి తల దువ్వుడెందుకు?"

"మీ బాపు కాళ్లు మొక్కద్దా? చెప్పకుండ పెళ్లి చేసుకున్నంక ఇదే మొదటిసారి కలుసుడు."

"ఓ కరీంనగర్ పిల్లగా! అడవిల పులిని పేరు పెట్టి పిలువరు, పెద్దాయన అంటరు. వచ్చింది పులి!"

"హమ్మయ్య! పులికి నా మీద కోపం లేదు."

"నవ్వకు. పులి జాడ పట్టుకొని వచ్చే బీట్ ఆఫీసర్ మా బాపే."

"సచ్చిన!"

"అగో, మనం ఈడున్నమని వాచర్ చెప్పినట్టున్నడు, బాపు మొత్తుకుంటుండు. 'అల్లుడా, బయటికి రాకుండ్రి' అంటుండు."

"ఏమన్నడు?"

"బయటికి రావద్దని."

"గది కాదు, ముందు మాట!"

"అల్లుడా అన్నడు!"

"గా పులి సల్లగుండ!"