ఒక్క డిగ్రీ తేడా లేదు

గిడ్డంగిలో సరుకులెత్తే బళ్ళకు బ్యాటరీలు చార్జి చేసే గది. మధ్యాహ్నం మూడు గంటలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిని ఏలుతున్న మిస్త్రీ, రెండు నెలల కిందట అక్కడ సెన్సర్లు బిగించిన ఆయన మేనకోడలు.

"అదే చెబుతున్నా మావయ్యా. పదహారు బ్యాటరీలు, రెండు నెలలు, ఒక్క డిగ్రీ తేడా లేదు. రిపోర్టు చూసి ఓనరు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు."

"మంచిదేగా. మరి మొహం అలా పెట్టావేం?"

"నువ్వు ముందు కూర్చో."

"నేను కూర్చుంటే బ్యాటరీలెవరు చూస్తారు?"

"అదే... ఇక చూడక్కర్లేదంటున్నారు. సెన్సర్లు వేడి కొలుస్తున్నాయి, కంప్యూటరు చార్జింగు తగ్గించుకుంటోంది, పెంచుకుంటోంది, గదిలో మనిషెందుకు, మిస్త్రీని రేపట్నుంచి గేటు దగ్గర వెయ్యండి అన్నారు."

"గేటు దగ్గరా. నన్నా."

"నాలుగింటికి కాగితం మీద సంతకం పెడతారట. నేనలా రాయలేదు మావయ్యా, ఒట్టు."

"రాయవులే. కానీ అమ్మడూ, ఒక్క డిగ్రీ తేడా లేదని మరీ అంత గట్టిగా చెప్పాలా? కాస్త అటూ ఇటూగా ఉన్నాయనకూడదూ?"

"సెన్సరు చెప్పిందే రాశాను. ఇరవై. ఎప్పుడు చూసినా ఇరవయ్యే... మావయ్యా."

"ఊ."

"ఈ గదిలో నాకే చెమటలు కారుతున్నాయి. చార్జింగులో ఉన్న బ్యాటరీకి ఇరవై డిగ్రీలేమిటి?"

"అది నీ చదువు. నన్నడుగుతావేం?"

"తెర మీద పచ్చరంగు చూసి మురిసిపోయానే గానీ... ఈ వైర్లన్నీ మంచినీళ్ళ కూలరు వెనక్కి పోతున్నాయేం?"

"అటు వెళ్ళకు. దుమ్ము. బట్టలు పాడవుతాయి."

"పదహారు సెన్సర్లూ కట్టకట్టి కూలరుకి అంటించావా?"

"అంటించలేదు. రబ్బరు బ్యాండు వేశాను."

"మావయ్యా..."

"మొదటిరోజు పదకొండుసార్లు అరిచింది నీ యంత్రం. ఓనరు గారు తలుపులోంచి తల పెట్టి, ఇంకోసారి అరిస్తే దీన్నీ, దీన్ని పెట్టిన పిల్లనీ కలిపి పంపించెయ్యండి అన్నారు. నీకిది మొదటి ఉద్యోగం. చల్లగా ఉంచితే అరవదు కదాని..."

"అరవడమే దాని పని. అరిచి, చార్జింగు తగ్గించి, ఏ బ్యాటరీ తీరు ఎలాంటిదో రోజురోజుకీ నేర్చుకుంటుంది."

"మరి ఈ రెండు నెలల్లో ఏం నేర్చుకుంది?"

"కూలరు గురించి నేర్చుకుంది. నీళ్ళెంత చల్లగా ఉన్నాయో డిగ్రీతో సహా చెబుతుంది."

"అదీ పనికొచ్చేదే."

"నవ్వించకు. మరి బ్యాటరీ ఒక్కటీ చెడలేదే?"

"అరచెయ్యి ఆనించి చూస్తా. వేడెక్కితే తీగ పీకుతా, చల్లారాక పెడతా. ఇదుగో, తొమ్మిదో నంబరుకి ఇప్పుడిప్పుడే ఒళ్ళు కాలుతోంది. అరవై ఉంటుంది."

"ఉండు, సెన్సరు పెట్టనీ... యాభై ఎనిమిది."

"అరుస్తోంది. ఉండు, తీగ పీకేశా. పర్లేదే, నీ యంత్రానికీ కాస్త తెలుసు."

"సరైన చోట పెడితే తెలుస్తుంది. కానీ ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. ఏది నిజంగా ప్రమాదమో, ఏది ఊరికే అరుపో పక్కనుండి నేర్పే మనిషి కావాలి."

"ఈ సంగతి బయటపడితే నీ ఉద్యోగం పోతుంది. గేటు దగ్గర కుర్చీ ఉందిగా, నేను కూర్చుంటాలే. సెన్సర్లు మనమే గుట్టుగా కట్టేద్దాం. నువ్వు నోరు మెదపకు."

"ఫోను. ఆయనే."

"అమ్మడూ, వద్దు. నా మాట విను."

"నమస్కారమండీ. ఆ సంతకం కాస్త ఆపండి... రిపోర్టు తప్పండీ. రెండు నెలలూ మేం కొలిచింది కూలర్ని... అవునండీ, మంచినీళ్ళ కూలర్నే. ముందే చూసుకోకపోవడం నా తప్పు... బ్యాటరీలు బాగానే ఉన్నాయండీ, వాటిని కాపాడింది వేరే పరికరం. రిపోర్టులో రాయలేదు... పాతదేనండీ, ముప్ఫై ఏళ్ళది. అయినా రెండు డిగ్రీల తేడాలో చెబుతుంది. అది పక్కనుండి నేర్పితేనే నా సిస్టమ్ నేర్చుకుంటుంది... లేదండీ, దాన్ని తీసేసి కొత్తది తెప్పించడం కుదరదు. మా అమ్మకి ఉన్నది ఒక్కడే అన్నయ్య."