కాళ్లున్నవాడికి కుర్చీ

(విమానం దిగి లోపలికొచ్చే చోటు. అప్పుడే దిగిన ప్రయాణికుడు, వీల్‌చైర్ తోసే మనిషి.)

"కూర్చోనంటే కూర్చోను. కాళ్లు రెండూ భేషుగ్గా ఉన్నాయి. కావాలంటే ఇక్కడే గుంజీళ్లు తీసి చూపిస్తా."

"గుంజీళ్లు వద్దు పెద్దాయనా. మీ పేరు మీద కుర్చీ అని రాసుంది. సి నలభై ఏడు గేటు దాకా తోసుకెళ్లి, అక్కడి విమానం ఎక్కించాలి. అంతే నా పని."

"పెద్దాయనెవడు? నాకు యాభై ఒకటి. కుర్చీ అని ఎవడు రాయించాడు?"

"టిక్కెట్టు కాగితం నింపినవాళ్లే."

"మా బావమరిది! వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. 'నువ్వు బోర్డులు చదవలేవు బావా, తప్పిపోతావు' అని ఒకటే నస. ముప్పై ఏళ్లు లారీ తోలినవాణ్ణి, నాలుగు గోడల మధ్య తప్పిపోతానంట!"

"చాలామంది అలాగే రాయిస్తారన్నా. కాళ్లు లేక కాదు, చదువు రాక. మన మాట మాట్లాడేవాళ్లనే నాకు వేస్తారు. వాళ్లలో సగం మంది నాకంటే గట్టిగా నడుస్తారు."

"మరి నీకు నవ్వు రాదూ?"

"మొదట్లో వచ్చేది. కూర్చో అన్నా, విమానానికి నలభై నిమిషాలే ఉంది."

"నీకర్థం కావట్లేదు. నేను పోతోంది లారీ డ్రైవర్ ఉద్యోగానికి. ఆ గేటు దగ్గర కంపెనీ మేనేజర్ ఉంటాడు. మనిషిని చూసి, పాస్‌పోర్ట్ తీసుకుని, రెండేళ్లకి సంతకం పెట్టించుకుని ఎక్కిస్తాడు. డ్రైవర్ కుర్చీలో ఊరేగుతూ వస్తే ఏమంటాడు? మెళ్లో దండేస్తాడా?"

"నాదీ ఉద్యోగమేగా. ఖాళీ కుర్చీతో పోతే మనిషేడీ అంటారు."

"నడిచి పోయాడని చెప్పు. తప్పుకో."

"అటు కాదన్నా, అటు—"

"చెప్పకు! బాణం గుర్తు నాకూ కనబడుతోంది."

"సరే. ఇక్కడే ఉంటా."

"ఉండు, నాకేం."

(పావుగంట తర్వాత.)

"వచ్చావా అన్నా?"

"ఈ సెంటు కొట్టు ఇందాకటిదేనా, ఇంకోటా?"

"ఇందాకటిదే. అటు పోయి ఇటొచ్చావు."

"ఛీ, ఇదేం కట్టడం! గేటుకి దారి అడిగితే ఒకమ్మాయి చేతి మీద సెంటు కొట్టింది. దారిలో కొట్లు పెట్టారా, కొట్లు పెట్టాక దారి గుర్తొచ్చిందా? నేలేమో నడుస్తుంది, మనుషులేమో నిలబడతారు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి కూడా బద్ధకమే! పైగా ఎ ఉంది, బి ఉంది, బి అయ్యాక డి ఉంది. సి ఏది? అమ్ముకున్నారా?"

"సి వేరే భవనం. రైలెక్కాలి."

"ఇంట్లోంచి ఇంట్లోకి రైలా!"

"పావుగంట పోయింది. నడిచి పోతే రైలు దగ్గర వరసలో నిలబడాలి, విమానం తప్పిపోతుంది. కుర్చీలో ఉంటే లిఫ్టులో దింపి ముందు ఎక్కించేస్తా. ఆపైన నీ ఇష్టం."

"...ఆ మేనేజర్ కంట పడకముందే దింపెయ్యాలి. మాటేనా?"

"ఇరవై అడుగుల ముందే ఆపుతా. మాట."

"ఊఁ. కూర్చున్నా, తోయి. అదిగో, అప్పుడే ఆ ముసలావిడ జాలిగా చూస్తోంది. చూడవమ్మా చూడు, ఉత్తపుణ్యానికి కాళ్లు పోయినవాణ్ణి!"

"కాళ్లు లోపలికి పెట్టుకో, లిఫ్టు తలుపు."

"ఎన్నాళ్లబట్టి ఈ పని?"

"ఆరేళ్లు."

"అంతకుముందు?"

"రైలొచ్చింది. చేతులు జాగ్రత్త."

"అడిగింది చెప్పవేం?"

"ఏదో, బండి పని."

"ఏం బండో! మగాడన్నాక చేతిలో ఓ పని ఉండాలి తమ్ముడూ. నేను చూడు, పదహారు టైర్ల బండిని ఒంటి చేత్తో వెనక్కి తీస్తా. నీ బతుక్కి రెండు చక్రాలు."

"నాలుగన్నా. ముందు చిన్నవి రెండున్నాయి."

"పోనీలే, నాలుగు! నేను చేరాక నీ గురించి కూడా చెప్తాలే. క్లీనర్‌గా పెట్టుకుంటారేమో."

"చెప్పు."

"అదిగో నలభై ఏడు! ఆపు, దిగుతా. నీలం టై, చేతిలో ఫైళ్లు, ఆయనే మేనేజర్. ఫొటో పంపారు. ఆపవయ్యా! స్తంభం వెనక్కి తోస్తావేం?"

"ఆయనేనా? సరిగ్గా చూడు."

"ఆయనే. నీకు తెలుసా?"

"దిగకు."

"ఏంటి?"

"దిగకన్నా. నా చేత సంతకం పెట్టించిందీ ఆయనే, ఈ గేటు దగ్గరే. పద్దెనిమిది టైర్ల బండి అన్నాడు. తీరా అక్కడికెళ్తే లారీలు లేవు, ఉన్న పని చెయ్యమని ఇక్కడికి తోలారు. పాస్‌పోర్ట్ ఇప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉంది."

"పోవయ్యా! ఖాళీ కుర్చీతో పోలేక కథలు చెప్తున్నావు."

"నా బ్యాడ్జీ మీద కంపెనీ గుర్తు చూడు. ఇప్పుడు వాళ్లు నీకు పంపిన ఫైలు మీద గుర్తు చూడు."

"...ఒకటే."

"ఒకటే."

"రెండేళ్లకేగా సంతకం?"

"నాదీ రెండేళ్లకే."

"...ఇప్పుడు రానని చెప్తే?"

"కంపెనీ పెట్టిన టిక్కెట్ల ఖర్చంతా నీ నెత్తిన వేస్తారు. సంతకానికి ముందు వాళ్లంతట వాళ్లే పనికిరావంటే మాత్రం తిరుగు విమానం వాళ్లే ఎక్కించాలి. నీ కాగితంలోనే ఉంది."

"నాకు చదివి వినిపించినవాడు ఆ ముక్క చదవలేదు."

"ఎవరికీ చదవరు. అన్నా, ఆయన ఇటే చూస్తున్నాడు. దిగుతావా?"

"తోయి. మెల్లగా తోయి తమ్ముడూ. అడిగితే కుడికాలు పడిపోయిందని చెప్పు. బ్రేకు కాలు."