ఏడో రకానికి దాహం వేసింది

వేదిక మీదున్న విత్తన కమిటీ అధ్యక్షులవారికి, మా డైరెక్టరు గారికి, నేనెప్పుడు కదులుతానా అని ఎదురుచూసి ఇవాళ శాలువాతో వచ్చిన సహోద్యోగులకు, ముందు వరసలో కూర్చుని "ఎక్కువ మాట్లాడకు" అని కళ్లతోనే బతిమాలుతున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

ముప్పై రెండేళ్లు ఈ ప్రయోగశాలలో ఆవాకులు నూరాను. నీళ్లు ఆపేస్తే ఆవమొక్క ప్రాణం నిలుపుకోవడానికి ఆకులో ప్రోలిన్ అనే పదార్థం పోగేసుకుంటుంది. ఆ రసంలో మందు కలిపి వేడిచేస్తే ఎర్రబడుతుంది. దాహం ఎంతో ఎరుపూ అంత. నీళ్లు ఆపి పరీక్షించిన ఆవ రకాలన్నీ ఎర్రబడ్డాయి, ఏడో రకం తప్ప. దాని రసం వెలవెలబోయింది, ఆకు మాత్రం నవనవలాడింది.

"సార్, ఇది దాహాన్ని తట్టుకోవడం లేదండీ, దీనికసలు దాహమే వేయడం లేదు" అని డైరెక్టరు గారితో అన్నాను. "నూరేవాళ్లు నూరాలమ్మా, ఆలోచించడానికి మేమున్నాం" అన్నారు. ఆలోచించారు కూడా. కరువును గెలిచిన ఆవ అని వ్యాసం రాశారు, సన్మానం చేయించుకున్నారు. (చప్పట్లు) ఆగండి, అప్పుడే కొట్టకండి.

ఆ ఏడో రకం కుండీలుండేది సరిగ్గా డైరెక్టరు గారి కిటికీ కింద. వారి ఏసీ గొట్టం పగలంతా వాటి మీదే కారేది. సొమ్మొకడిది, సోకొకడిది! (డైరెక్టరు గారు గ్లాసు అందుకున్నారు) తాగండి సార్, మీకైనా దాహం వేసింది.

గొట్టం సంగతి చూసి ఇంట్లో చెబితే, మా ఆయన "రిటైరయ్యేదాకా నోరు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. రెండేళ్లుగా ఆ ఫలితాల కింద నా సంతకమూ ఉంది. సిగ్గుగా ఉంది, ఆ తప్పు ఎవరి మీదా తోసెయ్యను.

కానీ రేపు అధ్యక్షులవారు సంతకం పెడితే ఈ విత్తనం రైతుల చేతికి వెళ్తుంది. వాన మొహం చాటేసిన ఏడాది వాళ్ల పొలం మీద ఎవరి ఏసీ కారుతుంది, చెప్పండి?

అందుకే పోయిన నెల ఏడో రకం కుండీలు నాలుగు తీసుకెళ్లి, మిగతా రకాలతో కలిపి వరండాలో పెట్టి, అన్నిటికీ నీళ్లు ఆపేశాను. మిగతావి వాడిపోయినా ఇంకా నిలబడే ఉన్నాయి. ఏడోది పదో రోజుకే తలవాల్చింది. దాని ఆఖరి ఆకు నేనే నూరాను. ఎర్రగా మండిపోయింది.

డైరెక్టరు గారికి నా కానుక ఆ బల్ల మీద గుడ్డ కింద ఉంది. అధ్యక్షులవారూ, సంతకానికి ముందు ఆ గుడ్డ మీ చేత్తో తీయండి. పక్కనే నా నోటుపుస్తకం కూడా ఉంది.

ఇన్నాళ్లు నన్ను భరించిన అందరికీ కృతజ్ఞతలు. ఏడో రకం పోయిన శుక్రవారమే వెళ్లిపోయింది. ఇక నాకూ సెలవు.