చందమామ మీద చేమంతి

ఈ రోజు 2025 ఫిబ్రవరి 16, ఆదివారం. ఈ థియేటర్ ప్రొజెక్టర్ ఆపరేటర్ బంగార్రాజుగారు రిటైరై, రేపు జంగారెడ్డిగూడెంలో కూతురింటికి వెళ్లిపోతున్నారు. ఆయన నుంచి నాకో జవాబు రావాల్సి ఉంది. అందుకే మైకు అడిగి తీసుకున్నాను.

సభాధ్యక్షులు, థియేటర్ యజమాని పల్లంరాజుగారికి, పెద్దలకు, అభిమానులకు నమస్కారం. ఈల వేసినాయన కూర్చోవాలి. (నవ్వులు)

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైన దాన్ని. తొమ్మిదేళ్ల కిందట మనవరాలు హారతి నన్నిక్కడికి ఓ అంతరిక్షం సినిమాకు తీసుకొచ్చింది. గాలే లేనిచోట రాకెట్ ఢామ్మని పేలితే, "తప్పు!" అని పైకే అనేశాను. ఇంటర్వెల్లో, ఆ హీరో అభిమాన సంఘం అధ్యక్షుడు కూడా అయిన బంగార్రాజుగారు సోడా పట్టుకుని వచ్చి, "తప్పు కాదండి, అది హీరోగారి హెల్మెట్‌లో రేడియో మోతండి. మనం ఆయన చెవుల్తో వింటన్నామండి" అన్నారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మార్నింగ్ షో అయ్యాక సైకిల్ స్టాండులో మా వాదన. నియమం ఒక్కటే: 'డైరెక్టరుకు తెలీదు' అన్నది జవాబు కాదు. నా క్లాసులో నిద్రపోయిన గణేష్‌బాబు, హీరోను కాపాడడం కోసం శూన్యం పాఠం మళ్లీ చదివాడు. నవ్వకు నాయనా, నిన్నే.

ఇక నా బాకీ ప్రశ్న. పోయిన ఆదివారం సినిమాలో హీరో, హీరోయిన్ చంద్రుడి మీద హెల్మెట్లు తీసేసి డ్యూయెట్ పాడారు, ఓణీ ఎగిరింది. "పాట కలండి" అన్నారాయన. ఒప్పుకున్నాను. మరి కలలో హీరో ఆమె జడలో పెట్టిన చేమంతి, పాటయ్యాక కూడా ఆమె హెల్మెట్‌లో ఎలా ఉంది? "వచ్చేవారం చెబుతానండి" అన్నారు. చెప్పలేదు.

(సభలో ఎవరో మాట్లాడారు)

ఎవరది? బంగార్రాజుగారి భార్య సంపూర్ణమ్మగారా? లేచి గట్టిగా చెప్పండమ్మా.

"పాటకి ముందు ఆవిడ హెల్మెట్ అద్దంలో హీరో మొహమే కనపడిందండి. లోపల పువ్వు లేదని మీరెలా అంటారు? ముందే పెట్టుకుంది కాబట్టే ఆయన కలలోకొచ్చింది!" (చాలాసేపు చప్పట్లు)

బంగార్రాజుగారూ, తల దించుకున్నారేం? 'వచ్చేవారం' అన్నప్పుడల్లా ఇంటికెళ్లి ఈవిడనే అడిగేవారా?

"మరేనండి. ఈసారి అడిగితే, సభలోనే చెబుతానందండి."

(నవ్వులు)

మా ఇంట్లో నేనేమన్నా అందరూ సరేనంటారు. వారానికోసారి నన్ను కాదనే మనిషి దొరికేదని ఇక్కడికొచ్చేదాన్ని. రేపటితో అదీ పోతుందని రాత్రంతా బెంగపడ్డాను. తొమ్మిదేళ్లు నాతో వాదించింది ఎవరో ఈ రోజు తెలిసింది. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇక జరగాల్సినవి:

1. ప్రతి నెలా మొదటి ఆదివారం సంపూర్ణమ్మగారు జంగారెడ్డిగూడెం బస్సెక్కి రావాలి.

2. బంగార్రాజుగారూ రావచ్చు. సోడాలు ఆయనే తేవాలి.

3. కొత్త ప్రశ్న: హీరో, హీరోయిన్ చంద్రుణ్ణి చేరడానికి మూడు రోజులు పట్టింది. కడియం నర్సరీల తాజా చేమంతే అనుకున్నా, హెల్మెట్‌లో వాడిపోలేదేం? జవాబు సినిమాలోంచే రావాలి. అంతవరకే సెలవు.