లేని ఇంటికి దారి చూపిన మేడంగారు

పంతొమ్మిది వందల తొంభై జూలై రెండో తేదీ, సోమవారం ఉదయం, సన్నని వాన పడుతుండగా, నేడు పదవీ విరమణ చేస్తున్న మా రికార్డుల విభాగాధికారిణిగారు ఈ పురపాలక కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. తడిసిన చేతితో సంతకం చేయడం మర్యాద కాదని, చెయ్యి ఆరేదాకా కిటికీ పక్కన నిలబడి, ఆ తరువాతే చేరిక పత్రం మీద కలం పెట్టారట. అప్పటి హెడ్ గుమాస్తాగారు ఈ సంగతిని కొత్తగా వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు.

కొంతకాలం టపా విభాగంలో పనిచేశాక వారిని జనన మరణాల నమోదుకు మార్చారు. పుట్టినవారిని ఒక కలంతోనూ, పోయినవారిని మరో కలంతోనూ రాసేవారు. "ఇంకు ఒకటే కదమ్మా!" అని పై అధికారి నవ్వితే, "ఇంకుకి తెలియదు సార్, చేతికి తెలుస్తుంది" అన్నారట. అక్కడి నుంచి రికార్డు గదికి వచ్చారు. ఆ గదిని చూసినవారికి తెలుసు: మధ్యాహ్నం వేళ పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగుతుంది, గుడ్డలో కట్టిన కట్టల మీద దుమ్ము తేలుతూ ఉంటుంది, చుట్టి పెట్టిన పటాల్లో ఊరి వీధులన్నీ నిద్రపోతున్నట్టు ఉంటుంది. వారు ఆ గదిలో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఏ కాగితమైనా అడిగిన పూటే తీసి ఇచ్చేవారు. "ఊరందరి కాగితాలూ దొరుకుతాయి, ఇంట్లో నా కళ్లజోడు మాత్రం ఈవిడకి దొరకదు" అని వారి శ్రీవారు వేళాకోళం చేస్తుంటారు.

కార్యాలయం కాగితాలను పౌరులెవరైనా అడిగి చూడవచ్చన్న చట్టం వచ్చినప్పుడు, ఆ అర్జీలు చూసే బాధ్యత సహజంగానే వారికి అప్పగించారు. ఏ కాగితం కావాలో అడిగేవారు చెప్పాలి; ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఈ రెండో మాట మాలో చాలామందికి రుచించలేదు. వారు మాత్రం దాన్ని వ్రతంలా పాటించారు. వచ్చినవారు నోరు తెరవకముందే "ముందు కూర్చోండి" అనేవారు. అందుకే మా కుర్రకారు వారికి 'ముందు కూర్చోండి మేడం' అని పేరు పెట్టారు. ఆ పేరు వారికీ తెలుసు. కూర్చున్నవారు కాసేపటికి, ఎవరూ అడగకుండానే, తమ కథంతా చెప్పుకొనేవారు.

"మేడం, మీ దగ్గరికొచ్చినవాళ్లు అర్జీ మర్చిపోయి కాపురం సంగతులు మొదలెడుతున్నారు" అని మా ఇంజనీరుగారు ఒకసారి ఆటపట్టించారు.

"చెప్పుకోనివ్వండి సార్. దానికి రుసుం లేదు" అన్నారు వారు.

వారి సుదీర్ఘ సేవలో ఎన్నో సందర్భాలున్నా, నా కళ్ల ముందు జరిగిన ఒకదాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. రెండేళ్ల కిందట, ఎండలు తగ్గుతున్న రోజుల్లో, ఒక పెద్దావిడ ఒక ఇంటి ప్లాను నకలు కోరుతూ అర్జీ పెట్టారు. ఇప్పుడు మంచినీళ్ల ట్యాంకు నిలబడి ఉన్నచోట ఒకప్పుడు ఒక ఇళ్ల వరస ఉండేది. అందులో ఒక ఇంట్లో ఆవిడ, వడ్రంగి పని చేసే ఆమె భర్త, చాలాకాలం అద్దెకున్నారు. ట్యాంకు కోసం మన పురపాలకమే ఆ ఇళ్లను కూల్చింది. ఇల్లు అర్జీదారుది కాదు గనుక, యజమాని అనుమతి లేనిదే ప్లాను ఇవ్వరాదని ప్లానింగు విభాగం అర్జీని తిప్పిపంపింది. యజమాని ఎప్పుడో కాలం చేశారు. తిరస్కరిస్తూ రాసిన జవాబును తపాలాలో పంపేస్తే మా పని అయిపోయేది. కాని మేడంగారు అలాంటి జవాబును మనిషిని పిలిచి ముఖాముఖి చెప్పకుండా ఏనాడూ పంపలేదు.

"మీరు అడిగిన ప్లాను మేం ఇవ్వలేమమ్మా. మీకు అసలు కావాల్సింది ఏమిటో చెప్పండి. ఎందుకో చెప్పక్కర్లేదు."

పెద్దావిడ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. "గుమ్మం ఏ పక్కనుండేదో, కిటికీ ఎంత దూరంలో ఉండేదో కావాలమ్మా. నాకు గుర్తుందనే అనుకున్నాను. తీరా చూస్తే ఒక్కో రోజు ఒక్కోలా తోస్తోంది."

ఎవరూ అడగకుండానే ఆవిడే అన్నారు: "మా ఆయనకి మతిమరుపు వచ్చింది. సాయంత్రమైతే చాలు, ఇంటికెళ్దాం పద అంటారు. ఇదే మనిల్లండీ అంటే వినరు. నేను వంటలో ఉండగా జారుకుంటారు. మొన్న రైలు పట్టాల పక్కన దొరికారు. ఆదివారం వచ్చి తలుపుకి బయట గొళ్లెం బిగిస్తానన్నాడు మా అబ్బాయి. వాడిదీ తప్పు కాదు, వాడి భయం వాడిది. కానీ ఊరందరికీ తలుపులు చేసిపెట్టిన మనిషమ్మా ఆయన! ఆయన్ని లోపల పెట్టి తాళం వెయ్యమంటే నాకు చేతులు రావడం లేదు. ఉన్న ఒక్క గదినీ ఆ ఇంటిలా సర్దితే, ఇల్లు చేరాననుకుని ఊరుకుంటారేమోనని..."

మేడంగారు కళ్లు మూసుకుని కొంచెం ఆలోచించారు. "అయితే మీరు ప్లాను అడక్కండి. అది ఇంటివాళ్లు మాకిచ్చిన కాగితం. ఆ ఇళ్లు కూల్చేముందు మావాళ్లు కొలతలు తీసి పటం గీసి ఉంటారు. అది మా కాగితం. మాది ఎవరైనా అడగొచ్చు."

"ఉంటుందా తల్లీ?"

"ఉంటే చూపిస్తాను. లేకపోతే లేదనే చెబుతాను. రేపు ఆయన్ని కూడా తీసుకురండి."

పటం ఉంది. మరునాడు పెద్ద బల్ల మీద దాన్ని పరిచినప్పుడు, చుట్టుకుపోతున్న ఒక అంచును పట్టుకునే పని నాకు అప్పగించారు. వడ్రంగిగారు వచ్చి, ఆ గీతలకేసి చాలాసేపు చూశారు. తరువాత ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచారు. రెండు గీతల మధ్య ఖాళీ వదిలిన చోటు నుంచి చూపుడువేలిని లోపలికి పోనిచ్చి, వెనక్కి తిరిగి భార్యతో "రా" అన్నారు. ఆ వేలు గదిలోంచి గదిలోకి నడిచింది. ఒకచోట ఆగి, అరచెయ్యి అడ్డం పెట్టి, "కిటికీ మూయవే, ఎండ మొహాన కొడుతోంది" అన్నారు. గుమాస్తాలందరం బల్ల చుట్టూ నిలబడ్డాం. ఎప్పుడో నేలమట్టమైన ఆ ఇంట్లో మేమూ ఒక మూల నిలబడి ఉన్నామనీ, కదిలితే ఏదో చేతికి తగులుతుందనీ నాకనిపించింది.

ఉన్నట్టుండి ఆయన, బల్లకి అవతల నిలబడ్డ మా ఇంజనీరుగారి మీద విసుక్కున్నారు. "గుమ్మం ముందు మెట్టేదీ? ఎవరయ్యా కొలిచింది?"

"అప్పటికి నేను పుట్టలేదు తాతగారూ."

"పుట్టలేదా? పుట్టకుండా కొలతలకి ఎందుకొచ్చావు మరి?"

పెద్దావిడతో సహా అందరం నవ్వేశాం. అసలు పటం మీద గీత గీయకూడదు. ధ్రువీకరించిన నకలును దిద్దకూడదు. మేడంగారు రెండు నకళ్లు తీయించి, ఒకదాని మీద ముద్ర వేసి పెద్దావిడకు ఇచ్చారు. ముద్ర వేయని రెండోదాన్ని, ఒక పెన్సిలుతో పాటు, ఆయన ముందు పెట్టారు. స్కేలు లేకుండా, గీత వంకరపోకుండా ఆయన మెట్టు గీశారు.

తరువాత కొన్ని వారాలకు పెద్దావిడ మళ్లీ వచ్చారు. ఈసారి అర్జీ లేదు.

"గొళ్లెం బిగించడానికొచ్చిన వాడి చేతే మంచం జరిపించానమ్మా. కిటికీ ఉండాల్సిన చోట గోడే ఉందిగా, దానికి తెర కట్టాను. పొద్దున్నే లేచి తెర పక్కకి లాగి, ఆ గోడ చూసి, ఇవాళ మబ్బుగా ఉందే అంటారు!"

"మీరేమంటారు మరి?"

"ఏమంటాను? అవునండీ, ముసురు పట్టింది అంటాను." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "సాయంత్రాలు గుమ్మం దాకా వస్తారు. మా అబ్బాయి ఒక చెక్క మెట్టు వేశాడు లెండి. దాన్ని కాలితో తడిమి చూసి, వచ్చేశాం కదా అని లోపలికెళ్లి కూర్చుంటారు."

నేను భగవంతుణ్ణి నమ్ముకుని సంసారం ఈదుతున్నవాణ్ణి. రోజూ ఉదయం ప్రార్థనలో ఇది కావాలి, అది కావాలి అని అడుగుతాను. ఎందుకో కూడా వివరంగా విన్నవించుకుంటాను. తిరిగివచ్చిన అర్జీలే ఎక్కువ. అడగడం తెలియకనా, అడిగినవి నాకు నిజంగా కావలసినవి కాకనా అన్న సందేహం నాకు ఆ పెద్దావిడను చూశాకే కలిగింది. ఇంకొకటి కూడా మనసును తొలిచింది. గోడను కిటికీ అనుకోనివ్వడం అబద్ధం కాదా? ఆ మాటే ఒకనాడు మేడంగారిని అడిగాను.

"పటంలో కిటికీ ఉందండీ. కాబట్టి ఆయన చెప్పేదీ నిజమే" అన్నారు వారు. కాస్త ఆగి, "నాకూ పూర్తిగా తెలియదు. కానీ ఇప్పుడు రాత్రిళ్లు ఆవిడ నిద్రపోతోందట" అన్నారు. నా సందేహం పూర్తిగా తీరలేదు. తీరకపోయినా ఫరవాలేదనిపించింది.

మేడంగారూ, ఇన్నేళ్లు మీ పక్క బల్ల దగ్గర పనిచేయడం నా భాగ్యం. సర్వేశ్వరుడు మీకు చూపు మందగించని కళ్లనూ, అలసట ఎరుగని కాళ్లనూ, మీవారితో, మీ అమ్మాయితో, మనవలతో నిండిన దీర్ఘాయువునూ ప్రసాదించుగాక. ఇక, మీ వీడ్కోలుకు ఈ సంచిక వేస్తున్నామని తెలిసి పెద్దావిడ మీకొక మాట చేర్చమన్నారు. వడ్రంగిగారు బాగా నీరసించారట. అయినా సాయంత్రం గుమ్మం దాకా రావడం మానలేదట. ఆవిడ మాటను ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను: "మేడంగారికి ఇంక తీరికే కదండీ, ఒక సాయంత్రం మా ఇంటికి రమ్మనండి. తలుపు కొట్టక్కర్లేదు, తీసే ఉంటుంది."