నాలుగో పిల్ల ఫారం

ఆఫీసు ఎదుటి టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే చాలు, కోతలరాయుడి నోరు ఊరుకోదు. బడిలో పిల్లల్ని చేర్పించే వెబ్‌సైటు రాసిన నలుగురిలో అతనొకడు. ఆ రోజూ వినయంగానే మొదలెట్టాడు.

"చిన్న పనేలే. బిడ్డకో ఫారం. ఒకింటి పిల్లల ఫారాలన్నీ ఒకే పేజీలో, ఒక్క నొక్కుతో వెళ్ళాలన్నారు. సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కులో రెడీమేడ్ ఫారాల కట్ట ఉంది కదా, అది నా కంటికి ఆనలేదు. విప్పదీసి నా పద్ధతిలో కుట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకే పుట్టినరోజు రెండు ఫారాల్లో పడితే, పేజీయే 'కవలలా అండీ?' అని అడగడం మొదలెట్టింది."

"మర్యాద కూడా నేర్పావన్నమాట," అంది అతను రాసినవాటిలో తప్పులు వెతికే టెస్టరక్క.

"వినక్కా. ఎందరు పిల్లలుంటే అన్ని ఫారాలు. ఒకాయన నలభైమందిని ఎక్కించాడు, పేజీకి చెమట కూడా పట్టలేదు. ఇంకో ఇల్లాలు నిండు నెలలతో కూర్చుని నింపుతుంటే నొప్పులు మొదలయ్యాయి. ఆవిడ ఆసుపత్రికి చేరేలోపే పేజీలో ఇంకో ఫారం దానంతటదే పుట్టింది. ఆడపిల్ల అని డాక్టరు కంటే ముందు నా పేజీయే చెప్పింది."

"బరువెంతో చెప్పలేదా?" అన్నాడు టీ కొట్టు మావయ్య.

"దశాంశాలతో సహా, మావయ్యా."

పక్క బల్ల మీద గ్రీజు మరకల బట్టల్లో ఉన్న మెకానిక్ గ్లాసు దించాడు.

"బాబూ, నాకు నలుగురు పిల్లలు. మీ పేజీ మూడు ఫారాలిచ్చి ఆగిపోయింది. నాలుగోదాని పేరు మూడోవాడి పేరు పక్కనే ఇరికించి పంపాను."

బల్ల చుట్టూ నవ్వులు పొంగాయి. పేజీని పరీక్షించేటప్పుడు ఇంటికి మూడు ఫారాలే అని హద్దు పెట్టింది కోతలరాయుడే, తర్వాత దాన్ని తీసేయడం మరిచిందీ అతనే. అతని చెవులు వేడెక్కాయి.

"గడువు దాటితే ఈ ఏడాదికి దానికి సీటు లేనట్టే," మెకానిక్ ఆగలేదు. "చివరి రోజు సాయంత్రం ఒకాయన ఫోన్ చేశాడు. 'ఒక గడిలో ఇద్దరి పేర్లున్నాయి, తప్పు మాదే' అని వివరాలడిగి తనే ఎక్కించాడు. ఇవాళ మా చిన్నది బడికెళ్ళింది. ఆ గొంతు మీదే, వినగానే పోల్చుకున్నాను. మీ మేలు మరిచిపోను, బాబూ."

లేచొచ్చి చేయి పట్టుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"ఇన్ని కోతలు కోశావు, ఇదొక్కటీ చెప్పలేదేంరా?" అంది అక్క.

కోతలరాయుడు తలొంచుకుని టీ ఊదుకున్నాడు. "అది నిజంగా జరిగిందే కదక్కా. చెప్పుకోడానికేముంది?"